రూటరు పరీక్ష: దాని పుస్తకముల చరిత్ర

కడచిన సంక్రాంతికి నేను మా గ్రామమునకు పోయి, కనుమనాడు వీధి యరుగుమీద కూర్చుండి యుండగా, మా పొరుగు బాబాయిగారు చేత నొక కాగితము పట్టుకొని వచ్చిరి. వారి కుమారుడు హైదరాబాదులో నెట్‌వర్కు పని చేయుచున్నాడు. వానికి ఆ విద్యలో మిక్కిలి పెద్దదని పేరుపడిన సీసీఐఈ పరీక్షకు కూర్చుండవలెనని సంకల్పము కలిగినదట. దానికి కావలసిన పుస్తకములు, పాఠములు, అభ్యాస సాధనములు ఇవి యని తొమ్మిది పద్దులుగా వ్రాసి, ప్రక్కన వెలలు వేసి, తండ్రికి పంపినాడు. వీనికి తోడు పరీక్ష రుసుమే లక్ష రూపాయలకు మించినది. అంతయు కూడగా ఆ యేటి కౌలు సొమ్ము దానికే సరిపోవునట్లుండెను.

“అబ్బాయీ, నువ్వు ఈ పనిలోనే తల నెరిసినవాడివి గదా. ఇవన్నీ కొనాలా? కొంటే వాడు గట్టెక్కుతాడా?” అని వారడిగిరి.

అరుగుమీద ఆనాడు నాలుగు మాటలలో చెప్పినదానిని నేడు కొంత విపులముగా చెప్పుటకు నాకవకాశము కలిగినది. ఇట్టి కాగితములు మా బాబాయిగారి యింటికి మాత్రమే వచ్చునవి కావు. పట్టణములలో పని చేయు బిడ్డలు గల యిండ్లకెల్ల వచ్చుచున్నవి. సొమ్ము మనది, చదువు వారిది, ఆ చదువు పేరు మనకు నోరు తిరుగదు. అట్టిచో ఏది కొనదగినదో, ఏది కొనరానిదో తండ్రి యెట్లు నిర్ణయింపగలడు? ఆ పరీక్ష యెట్లు పుట్టినది, దానికి పుస్తకములు ఏ క్రమమున వచ్చినవి అను కథ తెలిసినచో ఈ చిక్కు చాలవఱకు విడిపోవునని నా యభిప్రాయము.

ముందుగా నెట్‌వర్కు పని యననేమో చెప్పవలెను. ఒక పెద్ద యుత్తరమును నూరు కార్డులుగా కత్తిరించి, ప్రతి కార్డుపైని వరుస అంకెయు చిరునామాయు వ్రాసి తపాలా డబ్బాలో వేసితిమనుకొనుడు. కార్డులు వేర్వేరు దారులను పోవచ్చును. ముందు వేసినది వెనుక చేరవచ్చును. ఒకటి రెండు దారిలోనే పోవచ్చును. చేరిన చోట వానిని వరుసగా కూర్చి, తప్పిపోయిన దానిని మరల తెప్పించుకొందురు. కంప్యూటర్ల నడుమ మాటయు, బొమ్మయు, బ్యాంకు సొమ్ము లెక్కయు ఇట్లే పోవుచున్నవి. దారిలో తపాలాను వింగడించు కచేరీల వంటి యంత్రములు గలవు. వానిని రూటర్లందురు. ఏ చిరునామాకు ఏ దారి దగ్గర, ఏ వంతెన తెగినది అను సంగతులను ఈ రూటర్లు తమలో తాము ఎల్లప్పుడును చెప్పుకొనుచుండును. ఆ సంభాషణ నియమముల నెఱిగి, యంత్రములకు ఆజ్ఞలిచ్చి, దారి తెగినపుడు కనిపెట్టి సరిచేయుటయే నెట్‌వర్కు ఇంజనీరు పని.

ఆ నియమముల మూలగ్రంథము ఎవరు వ్రాసిరో వినినచో మీకాశ్చర్యము కలుగును. అమెరికా రక్షణశాఖ ధనముతో ఆర్పానెట్ అను నెట్‌వర్కును కట్టుచున్న దినములలో, దానికి తగిలించు కంప్యూటర్లు పరస్పరము ఎట్లు మాటలాడవలెనో నిర్ణయించు పని కొందఱు విద్యార్థుల చేతిలో పడినది. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో చదువుచుండిన స్టీవ్ క్రాకర్ వారిలో నొకడు. పెద్దలెవరో వచ్చి శాసించెదరని వారెదురు చూచిరి గాని యెవరును రాలేదు. అందుచేత తమ యాలోచనలను కాగితములపై పెట్టి పంచుకొనసాగిరి. తాను బస చేసిన యింట మిత్రుల నిద్రకు భంగము కలుగకుండ క్రాకర్ రాత్రివేళ స్నానాల గదిలో కూర్చుండి వ్రాసెనట. అధికారము లేనివారు ఆజ్ఞాపించినట్లు కనబడరాదని ఆ పత్రములకు “రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్” అని పేరు పెట్టెను. మీ యభిప్రాయములు తెలుపుడని విన్నపమన్నమాట. మొదటి పత్రము తేదీ 1969 ఏప్రిల్ 7. వానిని సంగ్రహముగా ఆర్ఎఫ్‌సీలందురు. నేటికి వాని సంఖ్య తొమ్మిది వేలు దాటినది. జాన్ పోస్టెల్ అను పండితుడు 1998లో మరణించువఱకు వానికి సంపాదకుడుగా నుండెను.

కార్డులపై చిరునామా యెట్లు వ్రాయవలెనో చెప్పు పత్రము, తప్పిపోయిన కార్డును ఎట్లు తెప్పించుకొనవలెనో చెప్పు పత్రము 1981 సెప్టెంబరులో వెలువడినవి. దేశదేశముల నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు తెలుపుకొను బీజీపీ అను పద్ధతి యొక్క తొలి రూపమును 1989లో ఇద్దఱు ఇంజనీర్లు భోజనపు బల్లయొద్ద చేతులు తుడుచుకొను కాగితములమీద గీసిరి. అదియు ఆ సంవత్సరమే ఆర్ఎఫ్‌సీగా వచ్చినది. ఈ మూలమును ఎవరైనను, ఏ దేశమువారైనను, పైసా చెల్లింపక చదువుకొనవచ్చును. మా బాబాయిగారి కుమారుని కాగితములో దీనికి పద్దు లేదు. వెల లేనిదానికి పద్దెందుకని కాబోలు!

ఇక పరీక్ష మాట. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో పని చేయుచుండిన లెనార్డ్ బోసాక్, సాండీ లెర్నర్ అను దంపతులు 1984 డిసెంబరులో సిస్కో యను కంపెనీ స్థాపించిరి. వారు చేయునవి రూటర్లు. పది సంవత్సరములు తిరుగకుండ ఆ యంత్రములు దేశదేశములకు పోయినవి గాని, వానిని నిజముగా ఎఱిగినవాడెవడు, ఎఱిగినట్లు నటించువాడెవడు అను భేదము తెలియక యజమానులు తికమకపడిరి. అందుకై 1993లో ఆ కంపెనీ ఒక పరీక్ష పెట్టినది. దాని పూర్తి పేరు సిస్కో సర్టిఫైడ్ ఇంటర్‌నెట్‌వర్క్ ఎక్స్‌పర్ట్. పొడి అక్షరములలో సీసీఐఈ.

ఉత్తీర్ణులకు వరుస అంకె ఇత్తురు. ఆ యంకెలు ఒకటితో కాక 1024తో మొదలైనవి. రెండును పది పర్యాయములు హెచ్చించినచో వచ్చు నంకె యది, కంప్యూటరు వారికి ప్రియమైనది. ఆ 1024ను మనుష్యుల కెవరికిని ఇయ్యక పరీక్షాగారమునకే ఇచ్చిరి. పరీక్షను కూర్చిన స్టువర్ట్ బిగ్స్‌కు 1025. పరీక్షకు కూర్చుండి నెగ్గిన మొదటివాడు టెర్రీ స్లాటరీ, ఆయన యంకె 1026. స్లాటరీ ఆ కంపెనీ యుద్యోగి కాడు. అయినను రూటరుతో మాటలాడుటకు నేడును వాడుకలో నున్న ఆజ్ఞల పద్ధతిని తిరిగి నిర్మించిన బృందమునకు నాయకత్వము వహించినవాడు. ఇల్లు కట్టిన మేస్త్రి చేతనే, గోడలో ఏ రాయి కదలినదో చెప్పుమని పరీక్ష వ్రాయించినట్లున్నది గదా!

మొదట ఆ పరీక్ష రెండు దినములు జరిగెడిది. మొదటి దినమున ఒక గదిలో యంత్రముల వరుస చూపి, వ్రాసియిచ్చిన విధముగా నెట్‌వర్కు కట్టుమందురు. తీగెలు తగిలించుట కూడ అభ్యర్థి పనియే. రెండవ దినమున మిగిలిన పని పూర్తియైన పిమ్మట అభ్యర్థిని బయటికి పంపి, పరీక్షకుడు ఆ నెట్‌వర్కులో రహస్యముగా లోపములు కల్పించును. తిరిగి వచ్చి వానిని కనిపెట్టవలెను. 2001 అక్టోబరునుండి దీనిని ఒక దినమునకు, ఎనిమిది గంటలకు కుదించిరి.

ఇందొక విశేషమున్నది. పరీక్ష గదిలో పుస్తకము నిషిద్ధము కాదు. కంపెనీవారు తమ యంత్రములకు వ్రాసిన సమగ్ర వివరణ గ్రంథమును అభ్యర్థి అక్కడనే చూచుకొనవచ్చును. తొలుత అది యొక సీడీ పళ్లెములో నుండెడిది. అనగా ఏ యాజ్ఞ యెట్లు వ్రాయవలెనో కంఠస్థము చేసినవానిని ఆ పరీక్ష వెదకుట లేదు. ఏది యెప్పుడు, ఎందుకు వ్రాయవలెనో తెలిసినవానిని వెదకుచున్నది. ఈ యొక్క సంగతి నాకు తొలి దినములలో ఎవరైన చెప్పియుండినచో మా నాన్నగారి పాడిగేదె మా దొడ్డిలోనే యుండెడిది. ఆ సంగతి వెనుక చెప్పెదను.

తొలి యభ్యర్థులకు ఈ పరీక్షకని వ్రాసిన పుస్తకములే లేవు. వారు మూలపత్రములు చదివిరి, యంత్రముల వివరణలు చదివిరి, రాత్రింబవళ్లు పనిలో నలిగిరి. కరణీకము నేర్చువాడు పాత కరణముగారి ప్రక్కన చాపమీద కూర్చుండి చిట్టా, అడంగలు వ్రాసి నేర్చిన విధమే. అయితే మూలము కఠినము. మన పెద్దలు అమరకోశమును వల్లించినను, అర్థమునకు గురుబాలప్రబోధికను తెఱచెడివారు గదా. ఈ విద్యకు కూడ అట్టి వ్యాఖ్యాతలు ఒక పది సంవత్సరములలో బయలుదేఱిరి.

వారిలో రాడియా పెర్ల్‌మన్ అను విదుషీమణిని ముందుగా చెప్పవలెను. నెట్‌వర్కులో ఒక చోటికి రెండు తీగెలున్నచో వర్తమానము గానుగెద్దువలె గిరగిర తిరుగుచుండును. అట్లు తిరుగకుండ తీగెలను వృక్షమువలె అమర్చు ఉపాయమును ఆమె 1985లో ప్రకటించినది. ఆ శాస్త్రవ్యాసమునందే ఆ యుపాయమునంతయు ఒక చిన్న పద్యముగా కూర్చినది. పద్యమున శాస్త్రము చెప్పుట మనకు క్రొత్త కాదు గాని, ఇంజనీర్ల వ్యాసములలో నది యరుదు. ఆమె “ఇంటర్‌కనెక్షన్స్” అను గ్రంథము 1992లో వెలువడినది. ఏ నియమము ఎందుకట్లున్నది, వేఱొక విధముగా నున్నచో ఏమగును అని ఆమె ప్రతి పుటలోను ప్రశ్నించును.

రిచర్డ్ స్టీవెన్స్ గ్రంథము “టీసీపీ ఐపీ ఇల్లస్ట్రేటెడ్” దానికి రెండేండ్ల తరువాతది. ఆయన పద్ధతి వేఱు. నియమమును చెప్పి, నమ్ముడని యూరకుండడు. తీగెపైని పోవుచున్న కార్డులను పట్టి, ఏ క్షణమున ఏది పోయినదో, దానికి ఏ బదులు వచ్చినదో అచ్చుగ్రుద్ది చూపును. ఆయన 1999లో నలుబది యెనిమిదేండ్ల ప్రాయముననే గతించుట ఈ విద్యకు గొప్ప నష్టము.

అటు పిమ్మట సీసీఐఈ అభ్యర్థులకే యుద్దేశించి జెఫ్ డాయిల్ “రౌటింగ్ టీసీపీ ఐపీ” మొదటి సంపుటమును 1998లోను, జెనిఫర్ కెరొల్‌తో కలిసి రెండవ సంపుటమును 2001లోను ప్రకటించెను. ఒక్కొక్కటి ఇటుకవలె బరువైనది. మొదటిది ఒక సంస్థ లోపలి దారులను గూర్చి, రెండవది సంస్థకు సంస్థకు నడిమి దారులను గూర్చి చెప్పును. అధ్యాయము చివర ప్రశ్నలు, కట్టి చూడవలసిన అభ్యాసములు, చెడినదానిని బాగుచేయవలసిన అభ్యాసములు నుండును. నా యెఱుకలో ఈ పరీక్షకు ఇంతకు మించిన వ్యాఖ్యానము రాలేదు.

ఇప్పుడు కథ హైదరాబాదునకు వచ్చును. మన దేశమున ప్రజలకు ఇంటర్‌నెట్టు 1995 ఆగస్టు 15న లభించినది. హైదరాబాదులో సైబర్ టవర్సు 1998లో ప్రారంభమైనది. జిల్లాలనుండి డిగ్రీలు చేత పట్టుకొని వచ్చిన పిల్లలతో అమీర్‌పేట నిండిపోయినది. ఒక్కొక్క మేడలో నాలుగైదు శిక్షణాలయములు, క్రింద జిరాక్సు దుకాణములు, వానిలో స్పైరలు చుట్టిన కట్టలు. విదేశపు గ్రంథము కొనలేని పిల్లవానికి ఆ కట్టలే గతి. నేనును 2002లో ఆ వీధులలో తిరిగినవాడనే. ఆ శిక్షణాలయములను నిందించుట నా యుద్దేశము కాదు. ఇంగ్లీషు సరిగా రాని పల్లెటూరి పిల్లలను తెలుగులో పాఠము చెప్పి నిలబెట్టిన గురువులు అక్కడ ఎందఱో గలరు. కాని ఆ కట్టలలోనే వేఱొక జాతి సరకు కూడ కలిసియుండెను.

దానిని డంపు అందురు. పరీక్ష వ్రాసి బయటికి వచ్చినవాడు తనకు జ్ఞాపకమున్న ప్రశ్నలను చెప్పగా, వానిని పోగుచేసి, జవాబులు చేర్చి అమ్ముదురు. ప్రశ్నలు బయట పెట్టనని ప్రతి యభ్యర్థియు ఒడంబడిక చేయును గనుక ఇది మాట తప్పుట. డంపు సాయమున నెగ్గినట్లు తేలినచో సర్టిఫికెటు రద్దగును. ఇవేవియు నాకు తెలియవని చెప్పుట అబద్ధము. తెలిసియు కొంటిని. పేరు చెప్పనవసరము లేని యొక దుకాణమున, ఆ పరీక్షలో వచ్చు ప్రశ్నలన్నియు ఇందులో నున్నవని నమ్మబలికి నాకొక కట్ట అమ్మిరి. దాని వెలతో డాయిల్ సంపుటములు రెండును వచ్చి యింకను మిగిలెడిది. ఆ వెలకును, పరీక్ష రుసుమునకును మా నాన్నగారు పాడిగేదెను అమ్మిరి. మూడు నెలలు ఆ కట్టను వల్లించితిని. 2005లో పరీక్షకై బెంగుళూరు పోయితిని.

ఆ గదిలో నేను చూచిన ప్రశ్నను ఇప్పటికిని చెప్పను. సంతకము చేసినాను గదా! ఒక్కసారి తప్పితినని రెండవసారి కూడ తప్పవలెనా? అయితే ఏ తరహా చిక్కులో పడితినో చెప్పవచ్చును. అది ప్రతి పాఠ్యగ్రంథములోను ఉన్నదే.

రూటర్లు దారులు తెలిసికొను పద్ధతులు పెక్కు గలవు. రిప్ అను పద్ధతిలో ప్రతి రూటరును పొరుగువాడు చెప్పిన మాటను నమ్మి, దానికి ఒకటి చేర్చి తన పొరుగువానికి చెప్పును. ఓఎస్‌పీఎఫ్ అను పద్ధతిలో అందఱును తమ కంటికి కనబడిన దారులను తెలుపుకొని, ప్రతివాడును ఊరి పటమంతయు గీసికొని చూచుకొనును. ఒకే దారిని గూర్చి రెండు విధములుగా సమాచారము వచ్చినచో సిస్కో రూటరు ఏది నమ్మును? దానికి అంకెలు గలవు. పటము వారి మాటకు 110, విని చెప్పిన మాటకు 120. తక్కువ అంకె గలదానిని నమ్మును. ఇప్పుడు రెండు పద్ధతుల నెట్‌వర్కులను రెండు చోట్ల కలిపితిమనుకొనుడు. విని చెప్పిన మాట మొదటి ద్వారమున పటము వారి యింట ప్రవేశించి, రెండవ ద్వారమున బయటికి వచ్చునప్పటికి పటము వారి మాటగా చెలామణి యగును. రెండవ ద్వారమున నున్న రూటరు తాను స్వయముగా వినిన మాటను త్రోసివేసి దీనినే నమ్మును, నమ్మి మరల వెనుకకు చాటును. ఊరిలో పుట్టిన వదంతి పట్నము పోయి, పత్రికలో అచ్చుపడి వచ్చి, పుట్టించినవానినే నమ్మించినట్లు! కార్డులు గమ్యము చేరక ఆ రెండు ద్వారముల నడుమనే తిరుగుచుండును.

నా కట్టలో దీనికి జవాబున్నది. ఏ రూటరుపై ఏ నాలుగు పంక్తులు వ్రాయవలెనో ఉన్నది. కాని ఆ గదిలో తీగెలు నా కట్టలోని పటమువలె లేవు. ఒక్క తీగె మాత్రము వేఱు చోట నుండెను. నా నాలుగు పంక్తులు వ్రాసితిని. అంతవఱకు పని చేయుచున్న భాగము కూడ ఆగిపోయెను. ఎదుట కంపెనీ వివరణ గ్రంథము తెఱచియే యున్నది. దానిలో ఏమి వెదకవలెనో నాకు తెలియలేదు. మధ్యాహ్నము మూడు గంటలకు చేతులు ముడుచుకొని కూర్చుంటిని. మిగిలిన సమయమంతయు గేదె కన్నులే ఎదుట కనబడినవని చెప్పినచో మీరు నవ్వుదురేమో.

తప్పితినని నాన్నగారితో చెప్పినప్పుడు వారు కోపపడలేదు. “చదివిందే రాలేదా, చదవంది వచ్చిందా?” అని మాత్రమడిగిరి. దానికి నేను సరియైన బదులు చెప్పలేకపోతిని.

తరువాత పని చేసిన చోట నొక పెద్దాయన తన డాయిల్ మొదటి సంపుటమును నాకిచ్చి, వదంతి తిరుగుడు సంగతి చెప్పు అధ్యాయమును మాత్రమే ముందు చదువుమనెను. ఆ ద్వారమున ప్రవేశించు ప్రతి మాటకు ఒక ముద్ర వేసి, ఆ ముద్ర గల మాటను రెండవ ద్వారమున బయటికి పోనీయకుండ ఆపవలెనని అందులో చదివినప్పుడు, నాలుగు పంక్తుల యర్థము నాకు మొదటిసారి తెలిసినది. అర్థము తెలిసినపిమ్మట తీగె ఎక్కడ నున్నను భయము లేదు. ఆ సంపుటము పూర్తి చేయుటకు నాకు పదునొకండు నెలలు పట్టెను. రెండవ పర్యాయమును తప్పితిని, కాలము చాలక. మూడవ పర్యాయము, 2008లో, నెగ్గితిని. ఆ పుస్తకమంతటను ప్రక్క జాగాలలో తెలుగున వ్రాసికొన్న గీతలే.

చదువుట యొకయెత్తు, కట్టి చూచుట యొకయెత్తు. యంత్రములు లేనిది అభ్యాసమెట్లు? పూర్వము పాత రూటర్లను కొని యింట పేర్చుకొనెడివారు, లేదా గంటల లెక్కన అద్దెకు తీసికొనెడివారు. 2005 ఆగస్టులో ఫ్రాన్సు దేశమున క్రిస్టాఫ్ ఫియో అను నతడు డైనమిప్స్ అను ప్రోగ్రాము ప్రారంభించెను. మామూలు కంప్యూటరులో సిస్కో రూటరువలె నటించు యంత్రమును అది సృష్టించును. దానిమీద జెరెమీ గ్రాస్‌మన్ బొమ్మలు లాగి తీగెలు తగిలించుకొనుటకు వీలుగా జీఎన్ఎస్3ను నిర్మించెను. రెండును ఉచితమే. రూటరులో నడచు కంపెనీవారి సాఫ్టువేరు మాత్రము ఉచితము కాదు. ఈ భేదమును మన పిల్లలు తఱచు గమనింపరు. తరువాత ఆ కంపెనీయే తన సాఫ్టువేరుతో గూడిన అభ్యాసశాలను తయారు చేసి అమ్మసాగెను. 2020నుండి దానిని సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ అని పిలుచుచున్నారు. నా యభిప్రాయమున ఒక తరము పేదపిల్లలకు ఏ పుస్తకముకంటెను ఆ ఫ్రెంచివాని ప్రోగ్రాము చేసిన మేలెక్కువ.

పరీక్ష పెట్టినవారు మాత్రము ఊరకుండిరా? డంపుల వెల్లువను చూచి వారును కట్టలు వేసిరి. 2009లో చెడిన నెట్‌వర్కును బాగుచేయు భాగమును మరల ప్రత్యేకముగా చేర్చిరి. 2020 ఫిబ్రవరిలో పరీక్షనంతయు తిరుగ వ్రాసిరి. ఎనిమిది గంటలలో మొదటి మూడు గంటలు ఇట్టి చోట ఎట్టి నెట్‌వర్కు తగును అను ఆలోచనకు, తక్కిన అయిదు గంటలు కట్టుటకు, నడుపుటకు. రూటర్లకు ఒక్కొక్కదానికి చేతితో ఆజ్ఞలు వ్రాయుట తగ్గి, ప్రోగ్రాములచేత వేల యంత్రములకు ఒక్కసారిగా ఆజ్ఞ లిచ్చు పద్ధతి వచ్చినది గనుక, ఆనాటి ప్రణాళికలో దానికి నూటికి 15 పాళ్లు, సాఫ్టువేరుచే నడపబడు నెట్‌వర్కులకు మఱి 25 పాళ్లు కేటాయించిరి.

ఇప్పుడు బాబాయిగారి కాగితము చూతము. తొమ్మిది పద్దులలో డాయిల్ సంపుటములు రెండు. ప్రవేశపరీక్షకు కంపెనీవారి మార్గదర్శిని యొకటి. ఒక శిక్షకుడు స్వయముగా కల్పించిన అభ్యాసముల పుస్తకమొకటి. వీడియో పాఠములు రెండు వేర్వేరు చోట్లవి. రూటర్ల అద్దె. అభ్యాసశాల సాఫ్టువేరు. చివరది, అన్నిటికంటె వెల యెక్కువైనది, “నూటికి నూరు గ్యారంటీ” అను కట్ట.

కంపెనీవారు ప్రకటించిన పరీక్షా ప్రణాళికను నా ఫోనులో తెఱచి, దానిని ప్రక్కన పెట్టుకొని యొక్కొక్క పద్దును చదివితిని. అది ఎవరికైనను ఉచితముగా లభించును. పరీక్షకు కూర్చుండువాడు మొదట చదువవలసిన పుట యదియే. చదివినంతట ఒక సంగతి బయటపడినది. నేను ముందు చెప్పిన నలువది పాళ్లకు ఆ కాగితములో చాలినంత సాధనము లేదు. ప్రోగ్రాము వ్రాయుటకు పైథాన్ నేర్పు పుస్తకమొక్కటియు లేదు. రూటర్ల అద్దె మాత్రము ఉన్నది. పిల్లవాడు ఈ జాబితాను 2020కి ముందు పరీక్ష వ్రాసిన యెవరి యొద్దనో యెత్తి వ్రాసికొన్నాడని తెలిసిపోయినది. డాయిల్ రెండవ సంపుటము కూడ 2001 నాటి పాత ముద్రణ వేసినాడు. దానికి 2016లో క్రొత్త ముద్రణ వచ్చినది.

మూలములు అంత త్వరగా మాఱవు. తప్పిపోయిన కార్డును తెప్పించుకొను నియమముల 1981 నాటి పత్రమును తొలగించి క్రొత్త పత్రము వేయుటకు 2022 ఆగస్టు రావలసి వచ్చినది. నలువది యొక్క సంవత్సరములు! ఆ క్రొత్త పత్రములోను పాతదాని సారమే యున్నది. ఆజ్ఞల పుస్తకములు అయిదాఱేండ్లకే పాతబడును. అందుచేత డాయిల్ మొదటి సంపుటము పాతదైనను చదువదగును, మార్గదర్శిని మాత్రము పరీక్ష యేటికి తగినదే కావలెను.

కలము తీసికొని రూటర్ల అద్దెను కొట్టివేసితిని. వీడియో పాఠములలో నొకదానిని కొట్టివేసి, ఏది యుంచవలెనో పిల్లవాడే రెండింటి నమూనా పాఠములు చూచి తేల్చుకొనవలెనని వ్రాసితిని. పైథాన్ పుస్తకమును చేర్చితిని. గ్యారంటీ కట్ట దగ్గఱ కలము ఆగినది. బాబాయిగారు నా ముఖము చూచిరి.

“అది బాగా ఖరీదుగా ఉంది. అంటే మంచిదేనా?” అనిరి.

నేను వారికి గేదె కథ చెప్పితిని. మా గేదెను కొన్నవారు ఆ ప్రక్క వీధివారే గనుక వారికది జ్ఞాపకమున్నది. అమ్మినారని తెలియును గాని, ఎందుకమ్మినారో వారికి ఆనాటివఱకు తెలియదు. కొంతసేపు ఊరకుండి, ఆ పద్దును తామే అడ్డముగా గీసివేసిరి. మొత్తమును మరల కూడినచో మొదటిదానిలో సగమునకు కొంచెము పైగా తేలినది.

“వాడు ఒక్కసారికే నెగ్గుతాడా?” అని మరల అడిగిరి.

“చెప్పలేను బాబాయిగారూ. నేను మూడుసార్లు పోయాను. రెండోసారికి కూడా కొంత దాచి ఉంచండి” అంటిని.

లోపలికి పోయి నా పెట్టెలోనుండి డాయిల్ మొదటి సంపుటమును తెచ్చి వారి చేతిలో పెట్టితిని. నాకిచ్చిన పెద్దాయన తిరిగి యడుగలేదు. నేనును దానిని మరొకరి కియ్యక యన్నాళ్లు దాచియుంచితిని. వెనుక అట్ట ఊడియున్నది. బాబాయిగారు పుటలు త్రిప్పి, ప్రక్క జాగాలలోని తెలుగు అక్షరములు కనబడినచోట నాగి, కన్నులజోడు సరిచేసికొని ఒక పంక్తి చదివిరి.

“ఇదేమిటి, ‘ఇక్కడ ఆగి కట్టి చూడు’ అని వ్రాశావు?”

“అవునండీ. చూడకుండా పుట తిప్పినచోటల్లా మళ్లీ వెనక్కి రావలసి వచ్చింది.”

వారు ఆ పుస్తకమును తువ్వాలులో చుట్టుకొని, చెఱువు గట్టు దారిన ఇంటికి పోయిరి.